కోల్‌కతా మురుగు ఎక్కడికి పోతుంది?

మీరు స్నానం చేసిన నీళ్ళు, కంచాలు కడిగిన నీళ్ళు, మరుగుదొడ్డిలో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? "కాలువలోకి" అని వెంటనే జవాబు చెబుతారు. బాగానే ఉంది. మరి ఆ కాలువ ఎక్కడికి పోతుంది? చాలామంది దగ్గర ఈ రెండో ప్రశ్నకు జవాబు ఉండదు. కంటికి కనబడకుండా పోతే చాలు, దాని సంగతి తీరిపోయిందని అనుకుంటాం.

కాని అది తీరిపోదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలోని పట్టణాల నుంచి రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తోంది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది సుమారు 2,024 కోట్ల లీటర్లు. అంటే నూటికి 28 వంతులు మాత్రమే! మిగిలినదంతా వాగుల్లోకి, నదుల్లోకి, చెరువుల్లోకి, చివరికి భూగర్భజలాల్లోకి చేరుతోంది.

శుద్ధి కేంద్రాలు కట్టవచ్చు కదా అంటారేమో. కట్టాలి కూడా. కాని వాటికి యంత్రాలు కావాలి, రాత్రింబగళ్ళు విద్యుచ్ఛక్తి కావాలి, నిపుణులు కావాలి, ఏటా నిర్వహణ ఖర్చు కావాలి. కట్టిన కేంద్రాలు కూడా చాలాచోట్ల పూర్తిగా పనిచేయడం లేదని పై లెక్కలే చెబుతున్నాయి. తాగునీరు, బడులు, ఆసుపత్రులు ఇంకా అందరికీ సరిగా అందని దేశానికి ఇది చిన్న భారం కాదు.

అయితే మన దేశంలోనే ఒక మహానగరం తన మురుగులో పెద్ద భాగాన్ని సుమారు తొంభై ఏళ్ళుగా చేపల చెరువులకు అప్పగిస్తోంది. ఆ చెరువులు మురుగును శుభ్రం చేయడమే కాక, నగరానికి చేపలనూ కూరగాయలనూ వరినీ తిరిగి ఇస్తున్నాయి. ఆ నగరం కోల్‌కతా. ఆ చెరువులున్న ప్రాంతాన్ని తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు అంటారు. వాటి విస్తీర్ణం 12,500 హెక్టార్లు. ఇవి ఎలా పుట్టాయి, ఎలా పనిచేస్తాయి, ఈనాడు ఎందుకు ప్రమాదంలో పడ్డాయి? ఒక్కొక్కటే చూద్దాం.

నదికి వీపు తిప్పిన నేల

కోల్‌కతాకు పడమట హుగ్లీ నది ఉంది. నగరంలో పడిన వాన హుగ్లీలోకి పోతుందని ఎవరైనా అనుకుంటారు. కాని అక్కడి నేల వాలు నది వైపుకు లేదు. తూర్పుకు ఉంది!

దీనికి కారణం నదే. డెల్టా ప్రాంతంలో నదికి వరద వచ్చినపుడు నీరు గట్లు పొర్లుతుంది. గట్టు దాటగానే నీటి వేగం తగ్గి, బరువైన ఒండ్రు అక్కడికక్కడే పేరుకుంటుంది. సన్నని బురద మాత్రమే దూరం పోతుంది. ఇలా వేల సంవత్సరాలు జరిగేసరికి నది ఒడ్డు ఎత్తుగానూ, దూరంగా ఉన్న నేల పల్లంగానూ తయారవుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాలలోనూ ఇటువంటి నేలలను మీరు చూడవచ్చు. ఆ రెండు డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఏర్పడింది కదా! అలాగే హుగ్లీకి తూర్పున పల్లంలో ఉప్పునీటి సరస్సులు ఏర్పడ్డాయి. విద్యాధరి అనే నది ద్వారా సముద్రపు పోటు ఆ సరస్సుల దాకా వచ్చేది.

1690లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ హుగ్లీ ఒడ్డున స్థావరం ఏర్పరచినపుడు ఓడల రేవుకు అనువైన ఎత్తైన ఒడ్డును చూశాడు. ఆ ఒడ్డు వెనుక ఉన్న బురదనేలల సంగతి తరువాతి తరాలకు సమస్య అయింది. కలకత్తా బ్రిటిష్ ఇండియాకు రాజధాని అయింది. 1911 దాకా రాజధానిగా ఉంది. జనం పెరిగారు, మురుగు పెరిగింది, కలరా స్థిరనివాసం ఏర్పరచుకుంది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలరా క్రిమిని పరిశోధించినది ఈ నగరంలోనే. ఇక్కడి ఒక చెరువు నీటిలో ఆయనకు ఆ క్రిమి కనిపించింది.

అప్పటికే మురుగు పారుదల పనులు మొదలయ్యాయి. విలియం క్లార్క్ అనే ఇంజనీరు 1855లో ఒక పథకం తయారుచేశాడు. నేల వాలును అనుసరించి మురుగునూ వాననీటినీ ఇటుకలతో కట్టిన భూగర్భ కాలువల ద్వారా తూర్పుకు తరలించి, విద్యాధరి నదిలో కలపాలన్నది ఆ పథకం. ప్రధానమైన పనులు 1875 నాటికి పూర్తయ్యాయి. లండన్‌లో 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులే అవస్థ పడ్డారు. ఆ తరువాత అక్కడ భారీ మురుగు కాలువలు కట్టారు. కలకత్తాలో ఆలోచన కూడా అదే: మురుగును ఊరి నుంచి దూరంగా పంపితే సముద్రం చూసుకుంటుంది.

నది చనిపోయింది

సముద్రం చూసుకోలేదు. ఎందుకో తెలియాలంటే ఆటుపోట్లతో బ్రతికే నది ఎలా పనిచేస్తుందో తెలియాలి.

పోటు సమయంలో సముద్రపు నీరు బురదను వెంటబెట్టుకుని నదిలోకి ఎక్కుతుంది. చుట్టుపక్కల ఉన్న పల్లపు నేలల్లోకీ సరస్సుల్లోకీ పరచుకుంటుంది. ఆటు సమయంలో ఆ నీరంతా ఒక్కసారిగా వెనక్కి వస్తూ, నది అడుగున ఉన్న ఒండ్రును కడిగి తీసుకుపోతుంది. నీరు పరచుకునే చోటు ఎంత విశాలంగా ఉంటే, తిరిగి వచ్చే ప్రవాహానికి అంత బలం.

విద్యాధరి విషయంలో ఈ చోటు క్రమంగా తగ్గిపోయింది. సాగు కోసం గట్లు వేశారు. పడవల కోసం కాలువలు తవ్వారు. పైనుంచి వచ్చే మంచినీరు తగ్గింది. అంతకంతకూ పెరిగే నగరం మురుగు తోడైంది. పోటు తెచ్చిన ఒండ్రును ఆటు తిరిగి తీసుకుపోలేకపోయింది. నది పూడిపోయింది. 1928లో విద్యాధరిని మృత నదిగా అధికారికంగా ప్రకటించారు.

నది పోవడంతో ఉప్పునీరు రావడం ఆగిపోయింది. ఉప్పునీటి చెరువుల్లో పండుగప్ప వంటి చేపలను పెంచి బ్రతికే జాలరుల జీవనాధారం పోయింది. పక్కనే పారుతున్నది మురుగు కాలువ ఒక్కటే. 1930 ప్రాంతంలో ఆ ప్రాంతంలోని కొందరు చెరువుల యజమానులు, జాలరులు సాహసించి ఆ మురుగును కొద్దికొద్దిగా చెరువుల్లోకి వదిలారు. కొన్నాళ్ళకు నీటి రంగు మారింది, చేపలు పెరిగాయి. ఎంత మురుగు వదలాలో, ఎప్పుడు ఆపాలో వారికి ఏ పుస్తకమూ చెప్పలేదు. తప్పులు చేసి, చేపలు చచ్చిపోతే నష్టపోయి, మళ్ళీ ప్రయత్నించి నేర్చుకున్నారు.

నగరపాలక సంస్థకు మురుగు సమస్య అలాగే ఉంది. డాక్టర్ బి.ఎన్. దే అనే ఇంజనీరు పర్యవేక్షణలో, తూర్పున మరింత దూరంలో ఉన్న కుల్టీ నది దాకా కొత్త కాలువలు తవ్వారు. 1943లో ఈ పథకం పనిచేయడం మొదలుపెట్టింది. ఎండాకాలపు మురుగుకు ఒక కాలువ, వాననీటికి మరొక కాలువ ఏర్పడ్డాయి. మురుగు క్రమం తప్పకుండా అందడంతో చేపల చెరువులు ఆ దారి పొడవునా విస్తరించాయి. ఇంజనీర్లు కాలువ తవ్వింది మురుగును వదిలించుకోవడానికి. జాలరులు దాన్ని పంటకాలువగా మార్చుకున్నారు!

చెరువులో ఏం జరుగుతుంది?

మురుగునీరు అనగానే ముక్కు మూసుకుంటాం. కాని అందులో నూటికి 99 వంతులకు పైగా నీరే. మిగిలిన ఆ కొద్దిపాటి పదార్థంలో మలం, ఆహార వ్యర్థాలు, సబ్బు, మట్టి ఉంటాయి. రసాయనశాస్త్రం దృష్టిలో ఇవి కర్బన పదార్థాలు, నత్రజని, భాస్వరం. పొలానికి మనం డబ్బు పెట్టి కొనే ఎరువులోని ముఖ్యమైన పోషకాలు కూడా నత్రజని, భాస్వరమే కదా!

మురుగు చెరువులోకి రాగానే బాక్టీరియా పని మొదలుపెడుతుంది. కర్బన పదార్థాలను విడగొట్టి, వాటిలోని నత్రజనినీ భాస్వరాన్నీ మొక్కలు పీల్చుకోగల రూపంలోకి తెస్తుంది. ఈ పనికి బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. నీటిలోని వ్యర్థాన్ని విడగొట్టడానికి బాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ అవసరమో కొలిస్తే, ఆ నీరు ఎంత మురికిదో తెలుస్తుంది. దీనినే జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం, క్లుప్తంగా బి.ఓ.డి. అంటారు. బి.ఓ.డి. ఎక్కువగా ఉన్న మురుగు నదిలో కలిస్తే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ మొత్తాన్నీ వాడేస్తుంది. అప్పుడు చేపలు ఊపిరాడక చచ్చిపోతాయి.

మరి ఈ చెరువుల్లో చేపలు ఎలా బ్రతుకుతున్నాయి? ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? శుద్ధి కేంద్రంలో అయితే పెద్ద మోటార్లు పెట్టి నీటిలోకి గాలిని కొడతారు. ఇక్కడ ఆ పనిని శైవలాలు చేస్తాయి. ఇవి కంటికి కనిపించనంత చిన్న ఆకుపచ్చని మొక్కలు. బాక్టీరియా విడుదల చేసిన పోషకాలనూ కార్బన్ డయాక్సైడునూ తీసుకుని, సూర్యకాంతిలో కిరణజన్య సంయోగక్రియ జరిపి, ఆక్సిజన్‌ను నీటిలోకి వదులుతాయి. ఆ ఆక్సిజన్ తిరిగి బాక్టీరియాకు అందుతుంది. ఇద్దరూ ఒకరికొకరు వండిపెట్టుకుంటున్నారన్నమాట! ఈ వంటకు పొయ్యి సూర్యుడు. అందుకే ఈ చెరువులు లోతు తక్కువగా, సుమారు అర మీటరు నుంచి ఒకటిన్నర మీటరు వరకు మాత్రమే ఉంటాయి. లోతు ఎక్కువైతే అడుగుకు వెలుతురు అందదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. శైవలాలు మితిమీరి పెరిగితే రాత్రిపూట అవే ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చచ్చి కుళ్ళితే మళ్ళీ మురుగే. వాటిని ఎప్పటికప్పుడు తీసివేయాలి. ఆ పనిని చేపలు చేస్తాయి. శైవలాలను వృక్షప్లవకాలు అనీ, వాటిని తినే సూక్ష్మజీవులను జంతుప్లవకాలు అనీ అంటారు. బొచ్చె చేప నీటి పైపొరలలో, శీలావతి నడిమి పొరలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. వీటితోపాటు వెండి చేప, తిలాపియా వంటివి కూడా పెంచుతారు. ఒక్కొక్క చేప ఒక్కొక్క అంతస్తులో మేస్తుంది కాబట్టి ఒకే చెరువులో అన్నీ పోట్లాడకుండా బ్రతుకుతాయి. మనం వల వేసి చేపలు పట్టినప్పుడల్లా మురుగులోని నత్రజని, భాస్వరం కొంత నీటిలోనుంచి బయటికి వచ్చేసినట్టే.

రోగక్రిముల సంగతేమిటి? మన పేగుల్లో ఉండే క్రిములకు వెచ్చని చీకటి కావాలి. చెరువులో పగలంతా ఎండ. పైగా శైవలాలు కార్బన్ డయాక్సైడును లాగేసుకోవడం వల్ల పగటిపూట నీటి క్షారగుణం పెరుగుతుంది. ఎండకూ, క్షారగుణానికీ, కాలానికీ తట్టుకోలేక అవి చాలా భాగం చచ్చిపోతాయి. ఈ చెరువుల్లో బి.ఓ.డి. నూటికి 80 వంతులకు పైగా తగ్గుతున్నట్టు పరిశీలనలలో తేలింది. అయినా "చాలా భాగం" అంటే "అన్నీ" అని కాదు. అందుకే ఇక్కడి చేపలనైనా మరెక్కడి చేపలనైనా బాగా ఉడికించి తినడమే సరైన పద్ధతి.

ఒక చిన్న లెక్క వేద్దాం. కోల్‌కతా నుంచి తూర్పుకు వచ్చే మురుగు రోజుకు సుమారు 75 కోట్ల లీటర్లని ఒక అంచనా. వెయ్యి లీటర్లు ఒక ఘనపు మీటరు కాబట్టి ఇది 7.5 లక్షల ఘనపు మీటర్లు. చేపల చెరువుల విస్తీర్ణం 4,000 హెక్టార్లు, అంటే 4 కోట్ల చదరపు మీటర్లు అనుకుందాం. భాగించి చూడండి. ఆ మురుగునంతా ఈ చెరువుల మీద సమంగా పరిస్తే రోజుకు సుమారు 1.9 సెంటీమీటర్ల మందం మాత్రమే! ఎండకూ శైవలాలకూ పని ఎందుకు తేలికైందో ఇప్పుడు అర్థమైందా? ఇక్కడ అసలు యంత్రం విశాలమైన నేల. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దీని అవసరం వస్తుంది.

చేతులతో నేర్చిన శాస్త్రం

ఈ చెరువులను అక్కడ భేరీలు అంటారు. చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 250 ఉన్నాయి. ఒక భేరీలో ఏడాది పొడవునా జరిగే పని చూడండి.

చలికాలంలో చెరువును ఎండగట్టి, అడుగున పేరుకున్న పూడిక తీసి గట్లకు వేస్తారు. అడుగును ఎండబెట్టి దున్నుతారు. తరువాత తూము తెరిచి మురుగును నింపి, కొన్ని వారాలు కదపకుండా ఉంచుతారు. నల్లగా ఉన్న నీరు నెమ్మదిగా ఆకుపచ్చగా మారుతుంది. మధ్యమధ్య నీటిని కలియబెడతారు. అప్పుడు వెంటనే చేపపిల్లలన్నిటినీ వేసేయరు. ముందు కొన్నిటినే వేసి చూస్తారు. అవి బ్రతికి చురుకుగా తిరిగితేనే మిగతావి వేస్తారు. ప్రయోగశాలలో మీరు చేసే పరీక్ష కూడా ఇలాంటిదే కదా! ఆ తరువాత చేపల పెరుగుదలను బట్టి మురుగును కొలతగా, రోజుకు కొద్దిసేపు మాత్రమే వదులుతారు.

ఎంత వదలాలో ఎలా తెలుస్తుంది? నీటి రంగు, వాసన, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయా లేదా అన్న గమనిక – ఇవే వారి కొలమానాలు. తెల్లవారుజామునే ఎందుకు? రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ జరగదు కాబట్టి నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది అప్పుడే. కారణం మనం పుస్తకంలో చదువుతాం, వారు గట్టు మీద నిలబడి చూస్తారు.

మనం అసహ్యించుకునే గుర్రపుడెక్కకు కూడా వారు పని కల్పించారు. దానిని చెరువంతా పాకనివ్వకుండా గట్టు వెంబడి వెదురు కట్టి ఆపుతారు. అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా అది కాపాడుతుంది. ఎండలో చేపలకు నీడ ఇస్తుంది. దాని వేళ్ళు నీటిలోని కొన్ని భారలోహాలను పీల్చుకుంటాయి.

చెరువుల నుంచి బయటికి వచ్చే నీరు ఇంకా దిగువనున్న వరి పొలాలకు పోతుంది. నగరానికి దగ్గరగా ధాపా అనే చోట 19వ శతాబ్దం చివరి నుంచి ఊరి చెత్త మీద కూరగాయలు పండిస్తున్నారు. చెత్త కుళ్ళి ఎరువైన దిబ్బలు, వాటి మధ్య మురుగు నిలిచే పొడవాటి గుంటలు. కాలీఫ్లవరు, వంకాయ, గుమ్మడి, మొక్కజొన్న, ఆకుకూరలు అక్కడ పండుతాయి. చెత్త, మురుగు, చేప, కూర, వరి – ఒకటి వదిలింది రెండోదానికి ఆహారం. పొలం నగరానికి పక్కనే ఉండటంతో సరకు చేరవేసే ఖర్చు కూడా తక్కువ. ఏడాదికి పదివేల టన్నులకు పైగా చేపలు ఈ నేలల నుంచి వస్తాయి.

కాలువ వెంట నడిచిన ఇంజనీరు

విచిత్రమేమిటంటే, 1980 దాకా ఈ సంగతి నగర పాలకులకు శాస్త్రీయంగా తెలియదు. భేరీలు వారి దృష్టిలో పనికిరాని బురదనేలలు. మురుగును ఉపయోగించే మార్గాలను పరిశీలించే పని రాష్ట్ర ప్రభుత్వంలో ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరుకు వచ్చింది. ఆయన మురుగు కాలువ వెంట నడిచి, అది ఎక్కడికి పోతుందో చూసి, జాలరులను అడిగి తెలుసుకున్నాడు. నగరానికి ప్రత్యేక శుద్ధి కేంద్రం ఎందుకు అవసరపడలేదో ఆయనకు అక్కడ అర్థమైంది. ఈ ప్రాంతానికి పటాలు గీసి, ఆ పని విలువను ప్రపంచానికి తెలియజేయడానికి జీవితమంతా కృషి చేశాడు. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆయనకు గ్లోబల్ 500 పురస్కారం ఇచ్చింది. 2018లో ఆయన మరణించాడు.

ఆయన చెప్పిన ముఖ్యమైన విషయం ఇది. కోల్‌కతా చౌకగా బ్రతకగల మహానగరమైతే దానికి ఒక కారణం, ప్రకృతి దానికి రాయితీ ఇస్తోంది. మురుగు శుద్ధికి ఖర్చు పెట్టనక్కరలేదు. చేపలూ కూరగాయలూ దగ్గరలోనే దొరుకుతాయి. వరదనీరు నిలవడానికి చోటుంది. కాని ఈ రాయితీ ఏ బడ్జెట్టులోనూ కనబడదు. కనబడనిదానికి విలువ కట్టరు. విలువ కట్టనిదాన్ని పూడ్చడం తేలిక.

నేలకు ధర పెరిగినపుడు

పూడ్చడం ముందే మొదలైంది. దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు కలకత్తాకు వచ్చారు. ఇళ్ళు చాలలేదు. ముఖ్యమంత్రి విధాన్ చంద్ర రాయ్ కాలంలో ఉత్తరపు సరస్సులను పూడ్చి కొత్త పట్టణం కట్టాలని నిర్ణయించారు. 1960 దశకంలో హుగ్లీ అడుగు నుంచి తీసిన ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా అక్కడికి పంపి సరస్సులను పూడ్చారు. అదే ఈనాటి సాల్ట్ లేక్, బిధాన్‌నగర్. ఆ అవసరం నిజమైనదే. కాని ఆ చెరువుల్లో బ్రతికేవారికి జీవనాధారం పోయిందన్నదీ నిజమే. ఆ తరువాత నగరం తూర్పు అంచున బైపాస్ రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట భవనాలు వచ్చాయి. చేపలు పండే ఎకరం కంటే ఫ్లాట్లు లేచే ఎకరానికి ఎన్నో రెట్లు ధర పలకసాగింది.

1990 దశకం మొదట్లో ఈ నేలల్లో ప్రపంచ వాణిజ్య కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినపుడు 'పబ్లిక్' అనే పౌరుల సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. 1992లో జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ తీర్పు చెబుతూ చిత్తడి నేలలను పూడ్చి ఇతర అవసరాలకు మార్చకూడదని ఆదేశించారు. 2002 ఆగస్టు 19న ఈ ప్రాంతం రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో పశ్చిమ బెంగాల్ శాసనసభ దీని పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేసింది.

చట్టం ఉన్నా ఒత్తిడి ఆగలేదు. చెరువును ఒక్కరోజులో పూడ్చనక్కరలేదు. మురుగు అందకుండా చేస్తే చాలు. కాలువలు పూడిపోయినా, బాంతలా వద్ద లాకుల్లో నీటిమట్టం తగ్గించినా మురుగు తూములకు ఎక్కదు. ఎరువు లేని చెరువులో చేప పెరగదు, ఆదాయం ఉండదు. అప్పుడు "ఇది పనికిరాని నేల" అని చెప్పడం సులభం. వానాకాలంలో నగరం మునగకుండా ఉండటానికి నీటిమట్టం తగ్గించమంటారు ఒకరు. చేపలకు పెంచమంటారు మరొకరు. ఇద్దరికీ అవసరం ఉంది. కాలువల పూడిక క్రమంగా తీస్తే ఈ తగాదా చాలావరకు తగ్గుతుంది.

రెండో ప్రమాదం విషపదార్థాలు. బాక్టీరియా మలాన్ని విడగొట్టగలదు గాని క్రోమియాన్నీ సీసాన్నీ విడగొట్టలేదు. అవి మూలకాలు. నశించవు, పేరుకుంటాయి. తంగ్రా, తిల్జలా, తాప్సియా ప్రాంతాల తోళ్ళ కర్మాగారాల నుంచి క్రోమియం మురుగులో కలిసేది. వాటిని అక్కడి నుంచి తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి కోసం ఏర్పడిన సముదాయం బాంతలాలో, ఈ చిత్తడి నేలల అంచునే ఉంది. అందువల్ల అక్కడి వ్యర్థాలను ఎంత జాగ్రత్తగా శుద్ధి చేస్తారన్నది నగరవాసుల కంచంలోని చేపకు సంబంధించిన విషయం. చెత్తలో కలిసిన ప్లాస్టిక్కు, బ్యాటరీలు ధాపా కూరగాయల తోటలకు ఇలాంటి బెడదే.

మూడోది మనుషుల సంగతి. భేరీల్లో దిగి పనిచేసేవారిలో చాలామంది పేదలు. చెరువు మీద హక్కు లేనివారు ఎందరో. కొన్ని సహకార సంఘాల చేతిలో ఉన్నాయి, చాలావరకు యజమానులూ కౌలుదారులూ నడుపుతారు. రోజంతా మురుగునీటిలో నిలబడే పనిలో చర్మవ్యాధుల బెడద ఉంటుంది. కూలి గిట్టకపోతే వారి పిల్లలు పక్కనే లేస్తున్న భవనాలకు పనికి పోతారు. నీటి రంగు చూసి తూము ఎప్పుడు తెరవాలో చెప్పగల మనిషి వెళ్ళిపోయాక చట్టం ఒక్కటే ఆ చెరువును నడపలేదు.

మన కొల్లేరు, మన మూసీ

కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చిన తేదీ కూడా 2002 ఆగస్టు 19! కాని రెండింటి కథలు వేరు. కొల్లేరు సహజమైన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దానిలో కలుస్తాయి, ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. 1970 దశకం చివరి నుంచి అక్కడ చేపల చెరువుల గట్లు వేలాదిగా లేచాయి. ప్రవాహం ఆగింది, వరదలు ఊళ్ళ మీదికి వచ్చాయి. 2006లో ప్రభుత్వం ఆ గట్లను పెద్దఎత్తున తొలగించింది. కోల్‌కతాలో చేపల చెరువు చిత్తడి నేలను కాపాడింది. కొల్లేటిలో అదే చేపల చెరువు దాని ఊపిరి బిగబట్టింది. ఒకచోటి మందు మరొకచోట పనిచేస్తుందని అనుకోకూడదు. నేల, నీరు, వాటి దారి తెలుసుకున్న తరువాతే ఏ పథకమైనా. కృష్ణా, గోదావరి జిల్లాల చేపలు ఐసు పెట్టెల్లో హౌరా మార్కెట్టుకు వెళ్ళడం దశాబ్దాలుగా మనం చూస్తున్నదే. బెంగాలీల కంచంలో ఈ రెండు నేలల చేపలూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట!

హైదరాబాదు దిగువన మూసీ నీటితో రైతులు పశువుల గడ్డి, వరి పండిస్తున్నారు. మురుగులోని పోషకాలను వారూ వాడుకుంటున్నారు. అయితే పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు ఎలా చెడిపోయిందో మనకు తెలుసు. ఇంటి మురుగు, ఫ్యాక్టరీ మురుగు కలవకుండా ఉండటం మొదటి షరతు.

అయితే కోల్‌కతా పద్ధతిని ఎక్కడైనా పెట్టవచ్చా? ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ ఉండాలి. పల్లంలో విశాలమైన నేల ఉండాలి. ఇందాక వేసిన లెక్క గుర్తుందా? నేల సగమైతే మందం రెట్టింపు అవుతుంది. మురుగులో విషలోహాలు ఉండకూడదు. చేపల పని తెలిసినవారు ఉండాలి. మహానగరాలకు ఇన్నీ దొరకడం కష్టమే. కాని పక్కనే చెరువులున్న చిన్న పట్టణాలకు ఇది ఆలోచించదగిన మార్గం. పెద్ద నగరాలకు శుద్ధి కేంద్రాలు తప్పవు. వాటి నుంచి వచ్చే నీటిని కూడా పారబోయకుండా వాడుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఒకటుంది. కోల్‌కతా జాలరులు కొత్తగా దేన్నీ సృష్టించలేదు. మురుగును చూసి "ఇందులో ఏముంది?" అని అడిగారు. పాలకులు "దీన్ని ఎక్కడికి పంపాలి?" అని మాత్రమే అడిగారు. ప్రశ్న మారడంతో ఫలితం మారింది.

ఇప్పుడు మీ వంతు. మీ ఊరి మురుగు కాలువ వెంట పెద్దవారిని తోడు తీసుకుని ఒక ఆదివారం నడవండి. అది ఏ చెరువులో, ఏ వాగులో కలుస్తుందో చూడండి. దారిలో ఏ ఫ్యాక్టరీ నీరు, ఏ ఆసుపత్రి నీరు అందులో కలుస్తున్నాయో గుర్తించండి. ఆ నీటిని ఎవరైనా పొలానికి వాడుకుంటున్నారా? వారిని అడగండి, వారు చెప్పేది రాసుకోండి. ఒక పటం గీసి మీ తరగతి గోడకు అంటించండి. అలాంటి పటం మీ మునిసిపాలిటీ దగ్గర కూడా ఉందో లేదో ఆ తరువాత వెళ్ళి కనుక్కోండి.